హైదరాబాద్‌కు దొరికింది, వరంగల్ పోగొట్టుకున్నది

2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్, దాని చుట్టుపక్కల ప్రాంతాలు కలిపి సుమారు 77 లక్షల మంది. తెలంగాణలో రెండో పెద్ద నగరం వరంగల్‌లో ఏడున్నర లక్షల పైచిలుకు. పదింతల తేడా! అవే లెక్కల్లో విశాఖపట్నంలో 17 లక్షలు, విజయవాడలో దాదాపు 15 లక్షలు. విడిపోయిన రెండు రాష్ట్రాల్లో ఒకదానికి ఒకే ఒక్క మహానగరం దక్కింది, రెండోదానికి ఇంచుమించు సమానమైన రెండు నగరాలు దక్కాయి.

రెండో నగరాన్ని ఎక్కడో వెనక వదిలేసి పెరిగిపోయిన నగరాన్ని 1939లో అమెరికా భూగోళ శాస్త్రవేత్త మార్క్ జెఫర్సన్ 'ప్రైమేట్ సిటీ' అన్నారు. ఆయన దేశాల గురించి చెప్పిన మాట తెలంగాణకు అతికినట్టు సరిపోతుంది.

రాజధాని కాబట్టి హైదరాబాద్ పెరిగిందని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. అది సగం జవాబే. 1960లలో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది. ముడి మందులు ఎలా తయారు చేయాలో అక్కడ చేరినవాళ్లు చేతులారా నేర్చుకున్నారు. తయారీ పద్ధతికి తప్ప మందుకు పేటెంట్ లేదన్న 1970 చట్టం వాళ్లకు దారి తెరిచింది: అదే మందును ఇంకో పద్ధతిలో చేసుకోవచ్చు. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అలా బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల చుట్టూ రసాయనాలు అమ్మేవాళ్లు, రియాక్టర్లు బాగుచేసేవాళ్లు, ఫార్మసీ కాలేజీలు చేరాయి. కొత్తగా కంపెనీ పెట్టేవాడికి ఇక్కడ కెమిస్ట్ దొరుకుతాడు, కెమిస్ట్‌కు ఒక చోట పోతే ఇంకో చోట ఉద్యోగం దొరుకుతుంది. అందుకే మూడోవాడూ ఇక్కడికే వస్తాడు. ఆర్థికవేత్తలు 'అగ్లోమరేషన్' అనేది దీన్నే. దీని ఖర్చు మాత్రం పటాన్‌చెరు చుట్టుపక్కల రైతులు భరించారు. ఫ్యాక్టరీల వ్యర్థాలతో వాళ్ల చెరువులు, బోర్లు పాడయ్యాయి. ఆ సంగతి చెప్పకుండా ఈ విజయం గురించి మాట్లాడటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

వరంగల్‌కు ఇలాంటి విత్తనం ఇంతకన్నా ముందే పడింది. నిజాం కాలంలో, 1934లో అజంజాహి మిల్లు పెట్టారు. అది మూతపడింది. ఓరుగల్లు, సిరిసిల్ల నేత కార్మికులు సూరత్, భివండీ, షోలాపూర్ బాట పట్టారు. ఎదిగే చోటు చుట్టుపక్కల నుంచి మనుషులనూ డబ్బునూ లాగేసుకుంటుందని స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్ హెచ్చరించారు. మన దగ్గర పోయింది మగ్గం పట్టిన చేతుల నైపుణ్యం. దాన్ని మళ్లీ తయారు చేయాలంటే ఒక తరం పడుతుంది.

కరీంనగర్, ఖమ్మంలలో 2020లో ఐటీ టవర్లు తెరిచారు. మంచిదే. కానీ ఆ ఊళ్లో ఉన్నవి నాలుగైదు కంపెనీలే అయితే, ఉద్యోగం పోయిన కుర్రాడు ఆ సాయంత్రమే హైదరాబాద్ బస్సెక్కాలి. ఆ టెన్షన్ ఉన్నంతకాలం వాడు అక్కడ ఇల్లు కట్టుకోడు, పెళ్లాం పిల్లలను తెచ్చుకోడు. ఊరికి భవనంతో పాటు రెండో ఉద్యోగం కూడా కావాలి.

అందుకే వరంగల్ దగ్గర 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు మీద నాకు ఎక్కువ ఆశ ఉంది. అక్కడి పనికి ఆ నేలలో పాత వేళ్లున్నాయి. అయితే ఎన్ని ఎకరాలు ఇచ్చారు, ఎన్ని కోట్లకు ఒప్పందాలు కుదిరాయి అనే లెక్కలు నాకు సరిపోవు. అక్కడ పెద్ద కంపెనీలో రంగుల పని నేర్చుకున్న మేస్త్రీ అప్పు తెచ్చుకుని పక్క షెడ్డులో సొంత యూనిట్ పెట్టగలిగాడా? అతనికి ఆ పార్కులో చిన్న స్థలం, బ్యాంకు రుణం, మురుగునీటి శుద్ధి దొరుకుతున్నాయా? భివండీ నుంచి తిరిగొచ్చిన మనిషికి ఒక యజమానితో పడకపోతే, అదే ఊళ్లో వెళ్లడానికి ఇంకో గేటు ఉందా? ప్రభుత్వం ఏటా ఈ లెక్కలు బయటపెట్టాలి.