ఓడకు బ్యాండు మేళం, టీఏ జవానుకు ఆటో

నెలల తరబడి సముద్రం మీద ఉన్న నేవీ ఓడ విశాఖకు తిరిగొస్తే జెట్టీ మీద బ్యాండు మోగుతుంది. భార్యాపిల్లలు పూలు పట్టుకుని ఎదురుచూస్తుంటారు. ఆ తర్వాత వాళ్లు వెళ్లేది కూడా నేవీ క్వార్టర్లకే. పక్కింటాయన ఓడ మీద వెళ్లొచ్చినవాడే, ఎదురింటావిడ ఒంటిచేత్తో సంసారం ఈదినావిడే. ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పక్కర్లేదు.

టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) జవాను సంగతి వేరు. కశ్మీర్‌లోనో ఈశాన్యంలోనో డ్యూటీ ముగించుకుని, రైలు దిగి, ఆటో మాట్లాడుకుని గాజువాకలోని ఇంటికి చేరతాడు. ఆ వీధి మొత్తానికీ మిలిటరీ మనిషి అతనొక్కడే. చుట్టాలు అడిగే మొదటి మాట 'క్యాంటీన్ సరుకేమైనా తెచ్చావా', రెండోది 'ఎంతమందిని కాల్చావేంటి'. రెండింటికీ నవ్వి ఊరుకోవాలి.

టీఏ అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది యూనిఫాంలో ధోనీ ఫొటో. అది గౌరవ హోదా. 1948 నాటి చట్టంతో ఏర్పడి, 1949 అక్టోబరు 9న రాజాజీ చేతుల మీదుగా మొదలైన ఈ దళంలో చేరాలంటే బయట సొంత సంపాదన ఉండాలి. ఏటా కొన్నాళ్లు శిక్షణ, అవసరం పడితే పిలుపు. పిలిస్తే 'ఎంబాడీ' అయ్యాడంటారు, పంపేస్తే 'డిసెంబాడీ'. దాంతో మిలిటరీ జీతం ఆగిపోతుంది. 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, కేంద్రం టీఏను పిలిచే అధికారం ఆర్మీ చీఫ్‌కు ఇచ్చింది. 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్లను దించేందుకు ఆమోదం తెలిపింది. ఆ ఉత్తర్వు గడువు 2028 ఫిబ్రవరి 9 దాకా ఉంది. పిలుపు గురించి టీవీల్లో తెగ చర్చించారు. తిరిగొచ్చేవాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

చట్టం అసలేమీ పట్టించుకోలేదని అనలేం. 7ఎ సెక్షన్ ప్రకారం యజమాని తిరిగొచ్చిన జవానును మళ్లీ పనిలోకి తీసుకోవాలి. వెళ్లకుండా ఇక్కడే ఉండి ఉంటే ఏ హోదా, ఏ జీతం వచ్చేవో వాటికి తగ్గకూడదు. పేచీ వస్తే సంబంధిత అధికారి తేలుస్తాడు. మళ్లీ తీసుకోమని ఆదేశించొచ్చు, ఆరు నెలల జీతం దాకా పరిహారం ఇప్పించొచ్చు, యజమానికి మినహాయింపూ ఇవ్వొచ్చు. ఆ ఆదేశాన్ని ధిక్కరిస్తే ఆరు నెలల జీతంతో పాటు వెయ్యి రూపాయల వరకు జరిమానా. అప్పట్లో వెయ్యి అంటే మాటలు కాదు. ఇవాళ జగదాంబ సెంటర్‌లో నలుగురు కూర్చుని బిర్యానీ తింటే అయిపోతుంది.

పైగా ఆ రోజుల్లో ఉద్యోగమంటే మస్టర్‌లో పేరు. ఇప్పుడు విశాఖలో పెద్ద ప్లాంట్ల గేట్ల దగ్గర పొద్దున్నే కనిపించేవాళ్లలో కాంట్రాక్టు కార్మికులెందరో. కాంట్రాక్టరే మారిపోతే పాత ఉద్యోగం ఎవర్ని అడగాలి? సొంత ఆటో నడుపుకునేవాడు, మొబైల్ రిపేరు షాపు పెట్టుకున్నవాడు ఎవరి దగ్గరికి పోవాలి? ఆ సెక్షన్‌లో వాళ్ల ప్రస్తావనే లేదు. రెండేళ్లు షట్టర్ దించిన షాపు గిరాకీ పక్క షాపుకు పోతుంది. దాన్ని ఏ అధికారి ఆదేశమూ వెనక్కి తేలేదు.

పని దొరికిందనే అనుకుందాం. అసలు చిక్కు ఇంట్లో ఉంది. ఆయన లేనన్నాళ్లూ ఆవిడే అన్నీ. గ్యాస్ బుకింగ్, ఈఎంఐ, అత్తగారి షుగరు మాత్రలు, ట్యూషన్ ఫీజు అన్నీ ఆవిడ ఫోన్లోనే. ఆయన హాల్లో కూర్చుని ఉంటాడు. పిల్లాడు ఆయన్ని దాటుకుని వంటింట్లోకి వెళ్లి 'అమ్మా, ఆడుకోడానికి వెళ్లనా' అని అడుగుతాడు. అంత చిన్న విషయమే. రాత్రి అన్నాల దగ్గర 'ఈ ఇంట్లో నేనెందుకు మరి' అన్న మాట వచ్చేస్తుంది. ఇన్నాళ్లూ నేను పడ్డ పాట్లు లెక్కలోకి రావా అని ఆవిడ ఉక్రోషం. ఇద్దరిలో ఎవర్నీ తప్పుపట్టలేం.

తెల్లవారుజామున మూడింటికి లేచి తలుపు గడియ చూసొచ్చేవాళ్లు, పెళ్లి ఊరేగింపులో టపాసు పేలితే ఉలిక్కిపడేవాళ్లు కొందరుంటారు. చాలామంది మెల్లగా కుదుటపడతారు. కుదుటపడనివాణ్ని కనిపెట్టేదెవరు? యూనిట్‌లో అయితే సుబేదార్ సాబ్ పసిగట్టేవాడు. ఇక్కడ ఆఫీసులో 'మిలిటరీ కోపం' అని నవ్వేస్తారు, ఇంట్లో 'మందు ఎక్కువైంది' అంటారు. వాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తాలంటేనే పరువు టెన్షన్. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. డిసెంబాడీ కాగితాలతో పాటు ఆ నంబరు కూడా చేతిలో పెట్టి పంపొచ్చు కదా.

అమెరికాలో నేషనల్ గార్డ్, రిజర్వు సైనికులదీ ఇలాంటి బతుకే. అక్కడి 1994 చట్టం ప్రకారం 180 రోజులు మించి సైన్యంలో పనిచేసినవాడు పాత ఉద్యోగం అడగడానికి 90 రోజుల వరకు సమయం తీసుకోవచ్చు. ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల అనుభవంతో 2008లో ఎల్లో రిబ్బన్ కార్యక్రమం పెట్టారు. తిరిగొచ్చిన నెలకు, రెన్నెళ్లకు, మూడు నెలలకు సమావేశాలు. అప్పులు, ఉద్యోగం, నిద్ర, దాంపత్యం అన్నీ అక్కడ మాట్లాడతారు, ఇంట్లోవాళ్లనూ పిలుస్తారు. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు, ఆ మధ్య రోజులంటూ ఉన్నాయని ఒప్పుకున్నారు. మన చట్టానికి తెలిసింది వెళ్లిన రోజు, తిరిగి చేరే రోజు మాత్రమే.

డిసెంబాడీ అయ్యాక కనీసం ఆరు వారాలు జీతంతో వెసులుబాటు ఇవ్వాలన్నది నా వాదన. సొంత వ్యాపారం ఉన్నవాడికీ అంతే మొత్తం అందాలి. ఖర్చు కేంద్రానిదే కావాలి, యజమాని నెత్తిన రుద్దకూడదు. జవాను ఖాళీలో చిన్న కంపెనీ పనిలోకి తీసుకున్న కుర్రాడికీ ఓ కుటుంబం ఉంటుంది. మొదట్లో కొన్నాళ్లు రాత్రి షిఫ్టు వేయకపోతే మేలు. మిలిటరీవాడు కదా అని గేటు దగ్గర కాపలా పెట్టే తెలివితేటలు అసలే వద్దు.

ఈ విషయంలో విశాఖకు ఉన్న వసతి చాలా ఊళ్లకు లేదు. తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడే ఉంది, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమూ ఉంది. భర్త ఓడ దిగిన మొదటి నెల ఇల్లు ఎలా ఉంటుందో నేవీ క్వార్టర్లలోని ఆడవాళ్లకు బాగా తెలుసు. జవాను ఇంటికి బయల్దేరడానికి నెల ముందు బెటాలియన్ ఆ కార్యాలయానికి ఓ ఉత్తరం రాయాలి. అక్కడినుంచి అతని భార్యకు తెలుగులో ఓ ఫోన్ వెళ్లాలి, నేవీ కుటుంబాల్లోంచి ఒకావిడతో మాట కలిపించాలి. సెక్షన్ సవరణకు ఏళ్లు పడితే పట్టనీ, ఈ ఉత్తరానికీ ఫోనుకూ పార్లమెంటు అక్కర్లేదు.