ఉదయ్‌పూర్ వెళ్లాలంటే ముందు వానల లెక్క చూడాలి

ఉదయ్‌పూర్‌ను సరస్సుల నగరం అంటారు కానీ, అక్కడున్నవి మనిషి కట్టిన చెరువులు. వాటిలో పాతదైన పిచోలా చెరువుకు 1362లో ఒక బంజారా వర్తకుడు కట్ట వేయించాడని చెబుతారు. 1559లో మేవాడ్ రాణా ఉదయ్‌సింగ్ రాజధాని కట్టడం మొదలుపెట్టాక ఆ కట్టను పెంచారు. పిచోలా నీరు స్వరూప్ సాగర్ మీదుగా ఫతే సాగర్‌కు అందుతుంది. అవి అలుగు పారితే మిగులు నీరు ఆయడ్ నదిలో కలిసి దిగువన ఉదయ్ సాగర్ చేరుతుంది. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు తెలిసిన మనకు ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది.

చెరువన్నాక వానను బట్టే నీరు. 2000 దశకంలో కరవొచ్చినప్పుడు పిచోలా నడుమనున్న లేక్ ప్యాలెస్ చుట్టూ నేల తేలింది. అయినా మనవాళ్లలో చాలామంది చలికాలమని డిసెంబరులో, లేదంటే పిల్లల సెలవులని మేలో టికెట్లు తీస్తారు. మే అయితే వద్దే వద్దు: ఆకు రాలిన ఆరావళి బోడిగా ఉంటుంది, నీరు వెనక్కి పోతుంది. సెప్టెంబరు రెండో పక్షం నుంచి దీపావళికి ముందు వారం దాకా మంచి అదను. చెరువులు నిండి, కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి. దీపావళి వారంలో మాత్రం గది అద్దెలు చుక్కలు చూపిస్తాయి.

బసలో ఎక్కువమంది దెబ్బతినేది 'లేక్ వ్యూ' అన్న మాట దగ్గర. నీరు గది కిటికీలోంచి కనిపిస్తుందా, మేడ మీదికెక్కితేనా అని బుక్ చేసేముందే అడగండి. పిచోలా తూర్పు ఒడ్డున లాల్ ఘాట్ వైపు పాత హవేలీల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు, మెట్లు నిటారు. సందుల్లోకి కారు రాదు కాబట్టి జగదీశ్ గుడి దగ్గర దిగి సామాను మోసుకోవాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే అవతలి ఒడ్డున హనుమాన్ ఘాట్ నయం. రద్దీ తక్కువ, పాత ఊళ్లోకి వంతెన మీద నడిచిపోవచ్చు. పైగా సిటీ ప్యాలెస్ పడమటి గోడ మీద సాయంత్రపు ఎండ పడేది ఈ ఒడ్డునుంచే ఎదురుగా కనిపిస్తుంది. సూర్యాస్తమయమే కావాలంటే లాల్ ఘాట్ వైపే ఉండాలి. రెండూ ఒక్కచోట దొరకవు.

రెండు రాత్రుల ప్యాకేజీ ఊరు చూడటానికే సరిపోతుంది, కొండలకు చాలదు. మూడో రాత్రి కొండకోట ఉన్న కుంభల్‌గఢ్‌లో పడుకోండి. ఉదయ్‌పూర్ నుంచి 85 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లు మిట్టమధ్యాహ్నం కోట ఎక్కి, సగంలోనే కూలబడతారు. కోట కొసన ఉన్న బాదల్ మహల్ దాకా రాతి బాట అంతా ఎక్కుడే, నీడ తక్కువ. తెల్లవారగానే ఎక్కితే 36 కిలోమీటర్ల ప్రాకారం కొండల మీద ఎటు వంపు తిరిగిందో ఎండ ముదరకముందే చూడొచ్చు. దారిలో హల్దీఘాటీకి ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు. రాణా ప్రతాప్‌కూ అక్బర్ సేనకూ జరిగిన 1576 నాటి యుద్ధం గురించి ముందే చదివి రాకపోతే, అక్కడ కంటికి ఆనేది పసుపు రంగు మట్టి కనుమ మాత్రమే.

కోట దిగి నేరుగా రాణక్‌పూర్ వెళ్లొచ్చు. ఆ జైన ఆలయంలోకి పర్యాటకులను మధ్యాహ్నం 12 దాటాకే, సాయంత్రం 5 వరకు అనుమతిస్తారు. అందుకే పొద్దున కోట, మధ్యాహ్నం గుడి. ఈ వరస తిరగేస్తే గేటు ముందు పడిగాపులే. నిక్కర్లు కుదరవు, తోలు బెల్టూ పర్సూ బయటే పెట్టాలి.