‘సింక్ అయితే చాలు, సెకను తేడా రాదు’ అనే మెసేజ్‌లోని తప్పులు

పరీక్షల సీజన్ రాగానే విజయనగరం, శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారాంశం ఇది: “ఫోన్లో ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేసి ఉంటే ఆ టైమ్ నేరుగా శాటిలైట్ నుంచి వస్తుంది, సెకను కూడా తేడా రాదు. సెంటర్ గేటు దగ్గర గడియారం వేరే టైమ్ చూపిస్తే తప్పు దానిదే, గట్టిగా అడగండి. ఇంటర్నెట్ టైమ్‌ను నమ్మొద్దు, ఢిల్లీ నుంచి మన ఊరికి వచ్చేసరికి లేటవుతుంది. స్ట్రాటమ్ వన్ సర్వర్ అయితేనే కరెక్ట్. సింక్ అయిన గడియారాలన్నీ కరెక్టే.”

నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపని పరీక్షలున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఈ మెసేజ్‌ను నమ్మి గేటు దగ్గర వాదనకు దిగిన పిల్లాడు అసలే ఉన్న టెన్షన్‌ను రెట్టింపు చేసుకుంటాడు. నేను విజయనగరంలో సీసీ కెమెరాలు, హాజరు మెషీన్లు బిగించి వాటి బాగోగులు చూస్తుంటాను. టైమ్ తేడాల మీద గొడవలు నా పనిలో భాగమే. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ఫోన్ టైమ్ శాటిలైట్ నుంచి వస్తుందన్నది మొదటి మాట. ఫోన్లో జీపీఎస్ రిసీవర్ ఉంటుంది, నిజమే. కానీ స్క్రీన్ మీద కనిపించే గడియారాన్ని సరిచేసుకోవడానికి ఫోన్లు మామూలుగా దాన్ని వాడవు. టైమ్ రెండు దారుల్లో వస్తుంది. సిమ్ కంపెనీ తన నెట్‌వర్క్ ద్వారా పంపేది ఒకటి, దాన్ని నిట్జ్ అంటారు. అది ఎంత సరిగ్గా ఉంటుందన్నది ఆ కంపెనీ అమరికను బట్టి ఉంటుంది. రెండోది ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్. అక్కడి నుంచి టైమ్ తెచ్చుకునే పద్ధతి పేరు నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, పొట్టిగా ఎన్‌టీపీ. ఆండ్రాయిడ్ 12 నుంచి మొదటి ప్రాధాన్యం మామూలుగా దీనికే. అంటే ఏ ఇంటర్నెట్ టైమ్‌ను నమ్మొద్దని మెసేజ్ చెబుతోందో, అది నమ్మమంటున్న ఫోన్ కూడా అక్కడి నుంచే టైమ్ తెచ్చుకుంటోంది. పైగా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు తేడా కొద్ది సెకన్లలోపు ఉంటే సరిచేయకుండా వదిలేస్తాయి. పక్కపక్కన పెట్టిన రెండు ఫోన్లలో నిమిషం ఒకేసారి మారకపోవడం ఎవరైనా చూడొచ్చు.

ఒకవేళ శాటిలైట్ టైమే తీసుకున్నా, దాన్ని ఉన్నదున్నట్టు గోడ మీద పెట్టలేం. జీపీఎస్ కాలం 1980 జనవరి 6న మొదలైంది. ఆ తర్వాత ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీకి చేర్చిన లీప్ సెకన్లను, అంటే భూమి తిరిగే వేగానికి సరిపోయేలా అప్పుడప్పుడు కలిపే అదనపు సెకన్లను, అది చేర్చుకోలేదు. అందుకే ఇప్పుడు యూటీసీ కన్నా 18 సెకన్లు ముందుంటుంది. రిసీవర్ ఆ 18 సెకన్లు తీసేసి, ఐదున్నర గంటలు కలిపితేనే మన టైమ్ వస్తుంది.

రెండో మాట, ఢిల్లీ నుంచి వచ్చేసరికి టైమ్ లేటవుతుందన్నది. దీన్ని చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. భారత ప్రామాణిక కాలాన్ని నిలబెట్టేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ. దానికి ఆధారమైన సీసియం అణు గడియారాలు అక్కడ ఉన్నాయి. అక్కడి సర్వర్ నుంచి విజయనగరానికి జవాబు రావడానికి కొంత సమయం పడుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ డేవిడ్ మిల్స్ 1985లో ఎన్‌టీపీని ప్రచురించినప్పటి నుంచీ దాని ఆయువుపట్టే ఆ ఆలస్యాన్ని కొలిచి లెక్కలోంచి తీసేయడం.

అంకెలతో చూద్దాం. మన మెషీన్ తన గడియారం సరిగ్గా 10 గంటలు చూపిస్తున్నప్పుడు ప్రశ్న పంపింది. సర్వర్ తన గడియారంలో 10 గంటల 350 మిల్లీసెకన్లకు (మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు) దాన్ని అందుకుని, 351కి జవాబు పంపింది. మన మెషీన్‌కు తన గడియారంలో 101 మిల్లీసెకన్లకు జవాబు అందింది. రానూపోనూ మొత్తం 101, అందులో సర్వర్ దగ్గర గడిచింది 1, కాబట్టి దారిలో పట్టింది 100. పోవడానికి 50, రావడానికి 50 అనుకుంటే, మన గడియారం 300 మిల్లీసెకన్లు వెనకబడి ఉందని తేలుతుంది. ఆ 300 సరిచేసుకుంటుంది. ఢిల్లీ దూరం ఎంతన్న ప్రశ్న ఇక్కడ మిగలదు.

లోపం ఉండేది ఆ ‘50, 50’ అనుకోవడంలో. పోవడానికి 80, రావడానికి 20 పట్టి ఉంటే మన లెక్క 30 మిల్లీసెకన్లు తప్పుతుంది. అయితే ఈ తప్పు ఎప్పుడూ మొత్తం ప్రయాణ సమయంలో సగానికి మించదు. మందస కొండల పక్కన సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి మొత్తం ఒక సెకను పట్టినా, దారి వల్ల వచ్చే తప్పు అర సెకను దాటదు. నెట్ స్లో అయితే గడియారం నిమిషాల కొద్దీ వెనకబడుతుందన్న మాటకు ఆధారం లేదు.

ఢిల్లీ టైమ్ మనది కాదనే వాళ్లకు ఒక మాట. మన ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన రాష్ట్రం మీదుగానే పోతుంది, ఢిల్లీ కన్నా మనకే దగ్గర. దానికి తూర్పున ఉన్న శ్రీకాకుళంలో సూర్యుడి లెక్క గడియారం కన్నా సగటున అయిదారు నిమిషాలు ముందుంటుంది, అంతే.

ఇక స్ట్రాటమ్. ఎన్‌టీపీలో ఈ అంకె చెప్పేది అసలు గడియారానికి ఎన్ని మెట్ల దూరంలో ఉన్నామన్నది మాత్రమే. అణు గడియారం, జీపీఎస్ రిసీవర్ లాంటివి సున్నా. వాటికి నేరుగా తగిలించిన సర్వర్ 1, దాన్ని అడిగేది 2, అలా 15 దాకా. 16 అంటే అసలు సింక్ కాలేదని. యాంటెన్నా సరిగా లేని స్ట్రాటమ్ 1 కన్నా మంచి స్ట్రాటమ్ 3 మెరుగ్గా ఉండొచ్చు. ఏ ఆధారమూ లేని మామూలు కంప్యూటర్‌ను కూడా స్ట్రాటమ్ 1 అని చెప్పుకునేలా సెట్ చేయొచ్చు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల ప్రమాణాల్లో మాత్రం ఇదే మాట గడియారం నాణ్యత తరగతిని చెబుతుంది. మెసేజ్ రాసినవాళ్లు ఆ అర్థాన్ని ఇక్కడ అతికించి ఉండొచ్చు. నాణ్యత తెలియాలంటే చూడాల్సినవి రెండు అంకెలు: అసలు గడియారం దాకా రానూపోనూ పట్టే మొత్తం ఆలస్యం చెప్పే రూట్ డిలే, దారిలో పోగైన తప్పు ఎంతదాకా ఉండొచ్చో చెప్పే రూట్ డిస్పర్షన్. లైనక్స్ కంప్యూటర్లలో క్రోనీ అనే ఎన్‌టీపీ ప్రోగ్రామ్ వాడేవాళ్లకు అవి స్ట్రాటమ్‌తో పాటే కనిపిస్తాయి.

చివరి మాట, సింక్ అయినవన్నీ కరెక్టేనన్నది. నా పనిలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. సింక్ అంటే రెండు గడియారాలకు మధ్య పొత్తు కుదిరిందని అర్థం. రెండూ కలిసి తప్పు చూపించొచ్చు. గంటస్తంభం దగ్గర దుకాణంలో ఎనిమిది కెమెరాలు ఒక రికార్డర్‌తో సింక్ అయి ఉంటాయి. ఆ రికార్డర్ మాత్రం ఎవరితోనూ సింక్ అయి ఉండదు. అందులోని క్వార్ట్జ్ పలక సెకనుకు 32,768 సార్లు కంపించాలి. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా రోజుకు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 50 సెకన్లు పోతాయి. ఏడాది తిరిగేసరికి ఎనిమిది కెమెరాలూ ఒకే మాట మీద నిలబడి పది నిమిషాలు తప్పు చెబుతాయి.

ఎన్‌టీపీ ఆన్ చేసినంత మాత్రాన కూడా పని అయిపోదు. ఎన్‌టీపీ మోసుకొచ్చేది యూటీసీ ఒక్కటే, మనం ఏ దేశంలో ఉన్నామో దానికి తెలియదు. టైమ్ జోన్ మెషీన్‌లోనే పెట్టాలి. చైనా జోన్‌తో వచ్చిన రికార్డర్‌ను అలాగే వదిలేస్తే, సింక్ పక్కాగా ఉండి కూడా సరిగ్గా రెండున్నర గంటలు ముందు చూపిస్తుంది. రాత్రి పదిన్నరకు జరిగిన దొంగతనం ఫుటేజీలో మర్నాడు ఒంటిగంటకు, మరో తేదీతో కనిపిస్తుంది.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు గడియారాలు సింక్ అయితే చాలని ఊరుకోలేదు. ఎన్ఐసీ (ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు చూసే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వర్లతో గానీ, వాటి దాకా వరస చూపించగల సర్వర్లతో గానీ సింక్ కావాలని చెప్పాయి. దుకాణంవాళ్లు సర్వర్ల లోతుల్లోకి పోనక్కర్లేదు. రికార్డర్‌లో ఎన్‌టీపీ ఆన్ ఉందా, జోన్ ఐదున్నర గంటలు ఉందా అని చూసుకోవాలి. పోలీసులకు ఫుటేజీ ఇచ్చే రోజున రికార్డర్ టైమ్, లేబొరేటరీ వెబ్‌సైట్‌లో కనిపించే భారత ప్రామాణిక కాలం పక్కపక్కన పెట్టి, తేడా ఎంతుందో కాగితం మీద రాసి ఇవ్వాలి.