ప్రవేశాల సమాచారం పిల్లలకే నేరుగా అర్థం కావాలి

కాలేజీ ప్రవేశాల సమాచారం సులభమైన తెలుగులో ఇవ్వాలన్న వ్యాసం ఒకటి చదివాను. దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మాది ఆదోని. కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కేవాళ్లే. అమ్మానాన్నలు పనుల కోసం బెంగళూరు వెళ్లి ఉంటారు. ఇంజనీరింగ్ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ అయ్యాక, సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ మొదలైతే ఈ పిల్లలకు నెట్ సెంటర్ వాళ్లు చెప్పిందే వేదం.

వెబ్ ఆప్షన్ల సంగతే, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో వరసగా పెట్టడం సంగతే చూడండి. ‘ప్రాధాన్యతా క్రమంలో నమోదు చేయవలెను’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఎలా? ‘మీకు అన్నిటికంటే ఇష్టమైన కాలేజీ, బ్రాంచి మొదట పెట్టండి. పైన పెట్టింది దొరికితే కింద ఉన్నవాటిని ఇక చూడరు’ అని రాయొచ్చు కదా! మా వీధి అమ్మాయికి అనంతపురం జేఎన్‌టీయూలో చదవాలని ఆశ. వరస ఎలా ఉన్నా పర్లేదనుకుని దాన్ని మూడోదిగా పెట్టింది. మొదట పెట్టిన కాలేజీలోనే సీటు వచ్చింది. ఆ పిల్ల ఏడుపు చూస్తే కడుపు తరుక్కుపోయింది.

సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆ సీటు తీసుకుంటున్నామని మనమే తెలపడం) చేయాలి, కాలేజీకి వెళ్లి కూడా రిపోర్ట్ చేయాలి. గడువు దాటితే సీటు పోతుంది. ఇది మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో ఉండాలి. స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం పత్రాలు ఎక్కడ ఇస్తారో కూడా పక్కనే రాయాలి.

అధికారులకు నా విన్నపం ఒకటే. ఈ సమాచారాన్ని విడుదల చేసే ముందు ఏదైనా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో నలుగురు పిల్లలతో చదివించండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ తిరిగి రాయండి.