చెట్టు లేని నూనె

"ల్యాండ్ లాక్డ్ కాదండీ, ల్యాండ్ లింక్డ్!" ఈ మాట కనిపెట్టిన మహానుభావుడెవరో దొరికితే శాలువా కప్పాలని ఉంది. సముద్రం లేని దేశాల గురించి ఎక్కడ సదస్సు జరిగినా ఒకాయన లేచి మైకు సర్దుకుని ఈ ముక్క అంటాడు. హాలంతా చప్పట్లు. మన ఇంటికి వీధి లేదు, పక్కవాళ్ల పెరట్లోంచే వెళ్లాలి అని మనం మొత్తుకుంటుంటే, "మీకేంటండీ, రెండు పెరళ్లతో అనుసంధానమై ఉన్నారు" అని ఓదార్చడం అన్నమాట.

2025 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఇలాంటి 32 దేశాల కోసం పెద్ద సదస్సు పెట్టింది. పదేళ్లకోసారి వచ్చే పుష్కరం లెండి. 2003లో అల్మాటీ, 2014లో వియన్నా. ఈసారి తుర్క్‌మెనిస్తాన్‌లోని అవాజా. అదేమిటో తెలుసా? కాస్పియన్ ఒడ్డున బీచ్ రిసార్టు. సముద్రం లేనివాళ్లకు కనీసం చూపించి పంపిద్దామనుకున్నారు కాబోలు.

మనకు దగ్గర్లో ఉన్నది నేపాల్. నివేదిక ఏది తిరగేసినా "ఎగుమతి సామర్థ్యం అపారం" అని ఉంటుంది. అల్లం, పెద్ద యాలకులు, ఇలాం టీ, పష్మీనా శాలువాలు, జలవిద్యుత్తు. పెళ్లిళ్ల పేరయ్య "కుర్రాడికి మంచి భవిష్యత్తు ఉందండీ" అన్నాడంటే ప్రస్తుతానికి ఉద్యోగం లేదని మనకు తెలుసు కదా. ఈ "సామర్థ్యం" కూడా ఆ జాతిదే.

మరి ఆ దేశం నుంచి భారీగా బయటికి పోతున్న సరుకేమిటి? నూనె. ఒక్క పామాయిల్ తోట లేని దేశం కొన్నేళ్లు పామాయిల్‌ను తన అగ్ర ఎగుమతుల్లో చూపించింది. 2020 జనవరిలో మన ప్రభుత్వం శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిపై ఆంక్ష పెట్టింది. వెంటనే సోయా నూనె ముందుకొచ్చింది.

ఆ నూనె యాత్ర వినండి, పుణ్యం వస్తుంది. అర్జెంటీనాలో బయల్దేరుతుంది. సగం భూగోళం చుట్టి బెంగాల్ రేవులో దిగుతుంది. అది భారతదేశమే, చివరికి చేరాల్సిందీ భారతదేశానికే. అక్కడే ఆగిపోవచ్చు కదా? ఆగకూడదు, సుంకం పడుతుంది. అందుకని బీహారంతా దాటి, రక్సౌల్ దగ్గర సరిహద్దు దాటి, బీర్‌గంజ్ చేరుతుంది. అక్కడ మిల్లులో శుద్ధి పేరిట తలంటు పోసి, నేపాలీ పౌరసత్వం చేతిలో పెట్టి, మళ్లీ అదే సరిహద్దు మీదుగా వెనక్కి పంపుతారు. ఇప్పుడు సుంకం సున్నా! దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ప్రకారం ఈ మినహాయింపు దక్కాలంటే అక్కడ 30 శాతం విలువ జతపడాలి. కడిగితేనే అంత విలువ పెరిగేటట్టయితే మా ఇంట్లో నేను తోముతున్న గిన్నెలన్నీ ఈపాటికి వెండివైపోవాలి.

2024 సెప్టెంబరులో మన రైతుల్ని కాపాడతామని శుద్ధి చేసిన నూనెల మీద సుంకాన్ని 13.75 నుంచి 35.75 శాతానికి పెంచారు. ముందు తలుపుకి తాళం వేశారు, పెరటి తలుపు తీసే ఉంది. జంగారెడ్డిగూడెం పామాయిల్ రైతు గెలల రేటు కోసం ఎదురుచూస్తుంటే, బీర్‌గంజ్ ట్యాంకర్లు పట్నాలు చేరిపోయాయి.

నేపాల్ సొంత సరుకుకు మాత్రం ఇంత మర్యాద జరగదు. టీ లారీ సరిహద్దు ఊరు కాకర్‌భిట్టలో నిలబడి ఉంటుంది, దాని నమూనా కలకత్తా ల్యాబ్‌కి వెళ్లి వస్తుంది. కరెంటు సంగతి ఇంకా ఘోరం. చైనా చెయ్యి పడిన ప్రాజెక్టుదైతే మనం కొనం. తీగలో కరెంటుకి కూడా మడి! బంగ్లాదేశ్‌కి 40 మెగావాట్లు పంపడానికి ఏళ్ల తరబడి చర్చలు జరిపి, 2024 అక్టోబరులో మూడు దేశాలూ సంతకాలు పెట్టాయి. నవంబరు 15న కరెంటు పారింది. ఆ ఏడాదికి ఒక్క రోజు. ఒప్పందంలో రాసుకున్న సీజను అయిపోయిందట! అక్షింతలు వేసి, బస్సు తప్పిపోతుందని భోజనం కూడా చేయకుండా లేచిపోయిన చుట్టంలాగా.

అన్నట్టు, మన విశాఖ రేవును కూడా నేపాల్‌కు వాడుకోమని ఇచ్చాం. బీర్‌గంజ్‌కి కలకత్తా దాదాపు 700 కిలోమీటర్లయితే విశాఖ సుమారు 1,400. ఉదారులం.

2015లో భూకంపం వచ్చిన ఏడాదే, చలికాలంలో, సరిహద్దులో లారీలు నెలల తరబడి ఆగిపోయాయి. వంటగ్యాస్ లేదు, మందులు లేవు. మేం ఆపలేదు, అక్కడి ఆందోళనకారులే ఆపారు అంది ఢిల్లీ. ఇంతకీ ఎవరితో "లింక్డ్" అయి ఉన్నారో ఆ చలిలో కట్టెలు రాజేసుకున్నవాళ్లని అడగండి.

ఖాట్మండూ పెద్దలేమీ తక్కువ తినలేదు. 2024 ఏప్రిల్‌లో పెట్టుబడుల సదస్సు పెట్టి, తీరా చుట్టాలు గుమ్మంలోకి వచ్చాక ఇల్లు ఊడ్చినట్టు చట్టాలు మార్చడానికి హడావిడిగా ఆర్డినెన్సు తెచ్చారు.

ఏ అడ్డూ లేకుండా సాగే ఎగుమతి ఒకటుంది. మనుషులు. రేవు అక్కర్లేదు, లారీ ఆగదు. వాళ్లు పంపే డబ్బు దేశ జీడీపీలో దాదాపు నాలుగో వంతు. ఖాట్మండూలోని త్రిభువన్ విమానాశ్రయంలో ఒక గేటు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఖతార్‌కీ మలేసియాకీ వెళ్తుంటారు. కార్గో గేటు నుంచి చెక్కపెట్టెలు వస్తుంటాయి. సామర్థ్యం అపారం అంటూ చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కడైనా ఆ గేటు దగ్గర గంటసేపు నిలబడ్డాడా? సిగ్గుండక్కర్లేదా? బీచ్ రిసార్టులో కూర్చుని ఏ పెరడు గురించి మాట్లాడుతున్నారు మీరు?

ఆ పెట్టె మీద కాగితం అంటించి ఉంటుంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి, బరువు ఎన్ని కేజీలు. దుబాయ్ నుంచి జగిత్యాలకు వచ్చే పెట్టె మీద కూడా అంతే రాసి ఉంటుంది.