పెంచింది పోయె, పెంచనిది పెరిగె

సముద్రపు అక్వేరియం పెట్టుకున్న ప్రతి మనిషికీ ఒక కల ఉంటుంది. తెల్లటి ఇసుక, ఊగే పగడాలు, వాటి మధ్య క్లౌన్‌ఫిష్ జంట. కొన్ని నెలలు తిరక్కుండానే ఆ కల మీద ఎవరో ఎర్రటి దుప్పటి కప్పి వెళతారు. దాని పేరు సైనోబ్యాక్టీరియా. మేము ముద్దుగా సైనో అంటాం. ముద్దు రాక ఏం చేస్తుంది? ట్యాంకు మొత్తంలో మేము డబ్బు పెట్టి కొనకుండా పెరిగే ప్రాణి అదొక్కటే.

అందుచేత బాగా ఆలోచించి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. ఇకమీదట సైనోను చీడ అనడం మానేసి, అసలు పెంపుడు ప్రాణిగా గుర్తించాలి. పగడానిదంతా అల్లుడి దర్జా. ఉప్పునీటి సాంద్రత 1.025 దగ్గరే నిలవాలి, ఉష్ణోగ్రత ఊగిసలాడకూడదు, కాల్షియం తగ్గకూడదు. తగ్గిందా, ముడుచుకుని మూల కూర్చుంటుంది. సైనోకు ఈ లాంఛనాలేవీ లేవు. ఇసుక మీద, రాతి మీద, ఒక్క పూట కదలకుండా కూర్చుంటే నత్త వీపు మీద కూడా సర్దుకుపోతుంది.

పైగా వంశం చూడండి. దాదాపు 240 కోట్ల ఏళ్ల క్రితం భూమి గాలిలో ఆక్సిజన్ నిండడం మొదలైందంటే అది వీళ్ల పూర్వీకుల చలవే. చెట్ల ఆకుల్లో పిండివంట చేసే హరితరేణువులు కూడా ఈ ఇంటినుంచి వెళ్లినవే. అంతటి పెద్దమనిషిని పాత టూత్‌బ్రష్షుతో తరిమేద్దామని మన ఉబలాటం!

పూర్వం వీటిని నీలి ఆకుపచ్చ నాచు అనేవారు. నాచు కాదు, బ్యాక్టీరియా. మా ట్యాంకులో నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. ఫైకోఎరిత్రిన్ అనే రంగుపదార్థం ఎక్కువై ముదురు ఎరుపు. ఈ పేరు నమ్మి నాచు తినే నత్తల్ని డజను తెచ్చాను. అవి దాని అంచు దాకా నడిచి, పక్కనుంచి మర్యాదగా తప్పుకున్నాయి.

రాత్రి దీపాలు ఆర్పితే తెల్లారేసరికి సగం మాయమవుతుంది. దాంతో నేను ఇంటిల్లిపాదినీ పిలిచి విజయం ప్రకటిస్తాను. సాయంత్రానికి మళ్లీ పరుచుకుని, లోపల చిక్కిన ఆక్సిజన్ బుడగలతో ముత్యాల చీర కట్టుకున్నట్టు మెరుస్తుంది. ఈ ప్రకటన నేను వరసగా పదకొండు రోజులు చేశాను.

ఇక కారణాలు. తోటి పెంపకందార్లను అడిగితే అందరూ ఒకటే చెబుతారు: మేత తగ్గించు, నీటి ప్రవాహం పెంచు, సైఫన్ గొట్టంతో పీల్చెయ్, ఆర్‌ఓ నీళ్లే పొయ్. ఇంత చవకైన సలహా మీద నాకు నమ్మకం కుదరలేదు. అందుకే నీళ్లలో మురికెంతో చెప్పే నైట్రేట్ టెస్టు చేశాను. సున్నా వచ్చింది. మహా శుభ్రంగా ఉంచుతున్నానని మీసం దువ్వుకున్నాను. అసలు సంగతేమిటంటే, ఆ నైట్రేట్ అంతా ఎర్ర దుప్పటే తినేసి ఉండవచ్చు. పైగా సైనోల్లో కొన్ని జాతులు నీళ్లలో కరిగిన నత్రజని వాయువునే నేరుగా వాడుకోగలవు. నైట్రేట్ అడుగంటితే పస్తులుండేది వాటితో పోటీ పడాల్సిన మామూలు నాచూ పగడాలూను. ఫాస్ఫేట్ ఒక్కటి దొరికితే చాలు, సైనో గారి కాపురం సుఖంగా సాగుతుంది. ఆ ఫాస్ఫేట్ ఎక్కడిదంటే, గడ్డకట్టిన మేతను కరిగించి, ఆ రసంతో సహా చేతులారా నేను పోసిందే. చేపలు అద్దం దగ్గరికొచ్చి నోళ్లు తెరుస్తుంటే మేత తగ్గించమనేవాడు మనిషేనా?

కాబట్టి సీసా కొన్నాను. ఎరిత్రోమైసిన్ మందు. ఇది యాంటీబయాటిక్ అనీ, ట్యాంకుకు ఊపిరైన మంచి బ్యాక్టీరియాకు కూడా దెబ్బ తగలొచ్చనీ చెప్పినవాళ్లున్నారు. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టేవాడికి ఇలాంటి సూక్ష్మాలు చెవికెక్కవు. రెండో రోజుకు ఎరుపు పోయింది. చచ్చిన దుప్పటి కుళ్లుతూ నీళ్లలో ఆక్సిజన్ పీల్చేసింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. మేత అడుగుతున్నాయనుకున్నాను. ఆఖరికి ఎయిర్ పంపు పెట్టి గట్టెక్కించాను. మందు పడిన నీళ్లలో, నురగతో మురికి తీసే స్కిమ్మర్ పొంగి, అర్ధరాత్రి నేలంతా నురగ. తుడిచింది మాత్రం ఇంట్లోవాళ్లు. సైనో రెండు వారాలకే తిరిగొచ్చింది. మేత, మూలన కదలని నీరు రెండూ దాని కోసం చెక్కుచెదరకుండా కనిపెట్టుకున్నాయి మరి.

చివరికి పెద్దల మాట విన్నాను. దుప్పటిని ముక్కలుగా చుట్టి సైఫన్‌తో లాగేశాను. నీటిని తోసే చిన్న పంపు, అదే పవర్‌హెడ్, దాని మూతిని ఆ మూలకు తిప్పాను. మూడు రోజులు దీపాలార్పి ట్యాంకుకు నల్లగుడ్డ కప్పాను. నాలుగో నాడు గుడ్డ తీస్తే ఇసుక తెల్లగా, వెన్నెల పరిచినట్టుంది. ఇంటిల్లిపాదినీ పిలిచి పన్నెండో ప్రకటన చేశాను.

ఆ సంతోషంలో, మూడు రోజులు చీకట్లో ఉన్నాయి పాపం అనిపించి, చేపలకు ఇంకో రెండు ముక్కలు మేత ఎక్కువ వేశాను.