మహారాజశ్రీ క్లాస్ పార్టిసిపేషన్ మార్కుల వారికి

అమెరికాలో ఎంబీఏ, ఇంజినీరింగ్ ఎమ్మెస్ రెండూ ఒకేసారి చదువుతున్న విద్యార్థి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఫాల్ సెమిస్టర్ మొదలైంది, సిలబస్‌లన్నీ చేతికొచ్చాయి. ఇంజినీరింగ్ వైపు తమరి ఊసే లేదు. హోంవర్క్‌కి ఇంత, మిడ్‌టర్మ్‌కి ఇంత, ఫైనల్‌కి ఇంత, అంతే. బిజినెస్ స్కూల్ సిలబస్ తెరిస్తే మాత్రం మొదటి పేజీలోనే తమరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. క్లాసులో నోరు తెరిచి మాట్లాడినందుకే 40 శాతమట! పాపం ఫైనల్ పరీక్షకే 30.

తమరికి నా పూర్వాశ్రమం గురించి చెప్పాలి. మా స్కూల్లో సార్ బయటికి వెళ్తే క్లాస్ లీడర్ బోర్డు మీద మాట్లాడినవాళ్ల పేర్లు రాసేవాడు. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ గుర్తు. సార్ వచ్చాక ఆ జాబితా ప్రకారం వడ్డన. ఇంటర్లో పేర్లు రాసే తీరిక కూడా ఎవరికీ లేదు, ఎంసెట్ ఉంది కదా. బీటెక్‌లో ఎవడైనా డౌట్ అడిగితే, బెల్లు కొట్టే టైమ్‌లో నీకెందుకురా అని వెనక బెంచీ కసిరేది. అలా నోరు మూసుకుని ఫస్ట్ క్లాస్ తెచ్చుకుని ఇంత దూరం వస్తే, ఇక్కడ చివరి వరుసలో ప్రొఫెసర్‌కి సాయపడే టీఏ లాప్‌టాప్ పెట్టుకుని మాట్లాడినవాళ్ల పేర్లే రాస్తోంది. పేరు పక్కన టిక్కులు కూడా. జాబితా అదే, దెబ్బల బదులు మార్కులు పడుతున్నాయి. ఇది ఒంటికి పట్టాలంటే కాస్త టైమ్ ఇవ్వరా?

తమరి వంశచరిత్ర కూడా తిరగేశాను. 1870లో హార్వర్డ్ లా స్కూల్‌కి డీన్‌గా వచ్చిన లాంగ్‌డెల్ ఉపన్యాసాలు పక్కన పెట్టి, కోర్టు తీర్పులు చదువుకు రమ్మని విద్యార్థుల్నే ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు. 1919లో అక్కడి బిజినెస్ స్కూల్‌కి డీన్ అయిన డోనమ్ కూడా లా చదివినవాడే, ఆ అలవాటును ఇటు తెచ్చాడు. ఉద్దేశం మంచిదే, కాదనను. ఫ్యాక్టరీ నడిపేవాడు అరకొర సమాచారంతోనే పదిమంది ముందు నిర్ణయం చెప్పగలగాలి. జపాన్ పోటీకి అమెరికా ఫ్యాక్టరీలు తట్టుకోలేకపోతున్న రోజుల్లో, 1988లో ఎంఐటీ ఈ రెండు చదువుల జోడీని మొదలుపెట్టింది. ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్ రెండూ ఒకే బుర్రలో ఉండాలని. బుర్రలో ఉంటే చాలదు, చెయ్యి కూడా ఎత్తాలని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంజినీరింగ్ వాణ్ణి కదా, తమరికీ ఒక లెక్క వేశాను. క్లాసు 80 నిమిషాలు. సగం ప్రొఫెసర్‌కి పోతే మిగిలేది 40. మనిషికి నిమిషం చొప్పున 40 మంది మాట్లాడొచ్చు. కూర్చున్నది 65 మంది. అంటే ఎవరూ రెండోసారి నోరు తెరవకపోయినా 25 మంది చెయ్యెత్తి, నొప్పెట్టి, దించుకోవాల్సిందే. పైగా నిమిషంతో ఆగేదెవరు? కన్సల్టింగ్ ఉద్యోగం వదిలి వచ్చినవాడు "ఇందులో మూడు అంశాలున్నాయి" అని ఎత్తుకుంటాడు. రెండోదీ మూడోదీ ఒకటే. ఏ ఫ్యాక్టరీలోనైనా లైన్ ఇలా నడిస్తే మా ఆపరేషన్స్ ప్రొఫెసర్ గారు ఊరుకోరు. తన క్లాసులో మాత్రం "వెరీ గుడ్" అంటారు.

"ఇప్పుడు ఆమె అన్నదానికి కొనసాగింపుగా" అని మొదలుపెట్టి ఆమె అన్నదే మళ్లీ చెప్పినా తమరు ఒక టిక్కు దయచేస్తారు. క్లాసులో చర్చకిచ్చిన కంపెనీ కథ, అంటే కేసు, చివరి పట్టికలో గోడౌన్ అద్దె రెండుసార్లు కలిపారని నేను చూపిస్తే, "బాగుంది, కానీ కాస్త పైనుంచి చూద్దాం" అన్నారు ప్రొఫెసర్. పైనుంచి చూస్తే గోడౌన్ కనపడదు మహాప్రభో! పక్కనున్న ఇంజినీరింగ్ బిల్డింగ్‌లో జవాబు తెలియకపోతే తలదించుకుంటాం. ఇక్కడ "అది పరిస్థితిని బట్టి ఉంటుంది" అని తలెత్తి చెబుతారు.

ఇక పేరు సంగతి. ముందు పెట్టుకునే పేరు అట్టల మీద నా పాస్‌పోర్ట్ పేరంతా పట్టలేదు. పట్టినంత వరకు రాస్తే ప్రొఫెసర్ దాన్ని చూసి, ఊపిరి పీల్చుకుని, పక్కనున్న మార్క్‌ని పిలిచేవారు. పిలవకపోతే టెన్షన్ లేదనుకున్నా, మార్కులూ లేవట. సీనియర్ల సలహా మీద దాన్ని కత్తిరించి "సాయి" చేశాను. ఇప్పుడు అందరూ ఇట్టే పిలుస్తున్నారు. చిక్కల్లా, క్లాసులో మరో ఇద్దరు సాయిలున్నారు.

కావున తమరు దయతలచి 40 శాతంలో కొంత హోంవర్క్‌కి వదిలిపెట్టవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
నాలుగో వరుస సాయి

తా.క.: మొన్నటి గోడౌన్ అద్దె మాట రెండో వరుస సాయి ఖాతాలో పడిందని తెలిసింది. బదిలీ చేయించగలరు. వాణ్ణి అడిగితే, పరిస్థితిని బట్టి ఉంటుందంటున్నాడు.